ఎల్‌ఎస్3లో 612 థౌ క్యామ్, డబుల్ స్ప్రింగులు: చాలాకాలం వాడాక సమీక్ష

ముందు బండిలో ఏముందో చెప్పేస్తాను. జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజన్ ఎల్‌ఎస్3, హెడ్లు (వాల్వులుండే పై భాగాలు) కంపెనీవే, పోర్టింగ్ (గాలి దారుల్ని చెక్కి పెంచడం) చేయలేదు. క్యామ్ (వాల్వులని తెరిచే గుబ్బల కడ్డీ, ఆ గుబ్బే లోబ్) హైడ్రాలిక్ రోలర్: లిఫ్టర్ 0.050 అంగుళాలు లేచిన దగ్గర డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే కాలం, క్రాంక్ డిగ్రీల్లో) ఇన్‌టేక్ 227 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 235. వాల్వ్ లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) ఇన్‌టేక్ 612 థౌ, ఎగ్జాస్ట్ 600 థౌ, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్ శిఖరాల మధ్య కోణం) 113. లోపల డబుల్ స్ప్రింగులు (ఒకదానిలో ఒకటి), టూల్ స్టీల్ రిటైనర్లు (స్ప్రింగ్‌ని పైన పట్టుకునే మూతలు), 11/32 అంగుళాల పుష్‌రాడ్లు, కంపెనీ రాకర్లకే ట్రనియన్ కిట్, ఎల్‌ఎస్7 రకం లిఫ్టర్లు, కొత్త లిఫ్టర్ ట్రేలు. లోబ్ లిఫ్టర్‌ని లేపుతుంది, లిఫ్టర్ పుష్‌రాడ్‌ని, పుష్‌రాడ్ రాకర్‌ని నెడుతుంది, రాకర్ వాల్వ్‌ని తెరుస్తుంది. రోజువారీ రోడ్డూ, అప్పుడప్పుడు ట్రాకూ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 100 థౌ అంటే 2.54 మిల్లీమీటర్లు. లేత్ దగ్గర అందరూ ఇదే లెక్క మాట్లాడతారు కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను.

తీర్పు కావాలంటే: క్యామ్ బాగుంది, కానీ ఈ సెటప్‌ని ఇన్నాళ్లు నిలబెట్టింది క్యామ్ కాదు, దాని చుట్టూ ఉన్న సామాను. లిఫ్ట్ ఎంత పెట్టాలి అన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. అది చివర్న తేలాల్సిన అంకె. హెడ్ ఎక్కడిదాకా గాలి పెంచుతుంది, స్ప్రింగ్‌ని ఎన్నాళ్లకోసారి మార్చడానికి సిద్ధంగా ఉన్నారు, ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం తిరగాలి అన్నవి తేలితే లిఫ్ట్ దానంతటదే ఒక చోటికి వచ్చి ఆగుతుంది.

కంపెనీ ఎల్‌ఎస్3 క్యామ్ 204/211 డిగ్రీలు, లిఫ్ట్ 551/525 థౌ, సెపరేషన్ 117. వాల్వ్ లిఫ్ట్ అంటే లోబ్ లిఫ్ట్‌ని రాకర్ రేషియోతో గుణించగా వచ్చేది. ఈ ఇంజన్ రాకర్ 1.7. కాబట్టి 612 థౌ క్యామ్‌లో లోబ్ ఎత్తు 360 థౌ మాత్రమే. కేటలాగులో లోబ్ లిఫ్ట్ చూసి చిన్నదనుకోవడం, ఒక రేషియోతో వేసిన లెక్కని ఇంకో రేషియో ఇంజన్‌కి అంటగట్టడం తరచూ కనిపించే పొరపాట్లు. 1.8 రాకర్ వేస్తే ఇదే లోబ్ 648 థౌ ఇస్తుంది. దాంతోపాటు వాల్వ్ వేగం, త్వరణం కూడా అదే నిష్పత్తిలో, అంటే దాదాపు 6 శాతం పెరుగుతాయి. రాకర్ మార్చి తేలిగ్గా లిఫ్ట్ పెంచుకోవచ్చనే వాళ్లు ఈ రెండో భాగం చెప్పరు. స్ప్రింగ్ లెక్క మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి.

ఎల్‌ఎస్3 ఇన్‌టేక్ వాల్వ్ తల 55 మిల్లీమీటర్లు. వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని చుట్టూ గాలి దూరే సందు వైశాల్యం, వాల్వ్ తల వైశాల్యంతో సమానమయ్యేది లిఫ్ట్ వ్యాసంలో నాలుగో వంతుకి చేరినప్పుడు. 55లో నాలుగో వంతు 13.75 మిల్లీమీటర్లు, అంటే 541 థౌ. కంపెనీ క్యామే ఆ గీత దాటేసింది. మరి 612 ఎందుకు? వాల్వ్ గరిష్ఠ లిఫ్ట్‌ని ఒక్కసారే తాకుతుంది. కింద ఉన్న ప్రతి ఎత్తునీ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, రెండుసార్లు దాటుతుంది. గరిష్ఠం పెరిగితే 400, 500 థౌ పైన వాల్వ్ గడిపే సమయం పెరుగుతుంది, అసలు లాభం అక్కడిది. ఫ్లో బెంచ్ (హెడ్‌లోంచి ఎంత గాలి పోతుందో కొలిచే యంత్రం) కాగితం చూసేటప్పుడు అడుగున ఉన్న పెద్ద అంకె కాకుండా, లైను ఎక్కడ చదునవుతోందో చూడండి. 600 నుంచి 650కి గాలి పెద్దగా పెరగని హెడ్ మీద 650 క్యామ్ పెడితే ఆ చివరి 50 థౌ కోసం స్ప్రింగులనీ గైడ్లనీ (వాల్వ్ కాండం జారే గొట్టాలు) అరగదీసుకోవడమే. పోర్టింగ్ చేసిన హెడ్లుంటే లెక్క మారుతుంది. కంపెనీ హెడ్లకి, రోడ్డు బండికి నా ఓటు 595 నుంచి 615 మధ్యే.

లిఫ్ట్ కంటే ఎక్కువ మోసం చేసేది ర్యాంప్, అంటే వాల్వ్‌ని ఎత్తి దించే లోబ్ వాలు. రెండు క్యామ్‌లూ 612 థౌ, రెండూ 0.050 దగ్గర 227 డిగ్రీలు అని రాసి ఉండొచ్చు. ఒకటి 0.006 అంగుళాల దగ్గర 277 డిగ్రీలు, ఇంకోటి 283 అయితే అవి వేర్వేరు క్యామ్‌లు. మొదటిదానికి తేడా 50 డిగ్రీలు, రెండోదానికి 56. తేడా తగ్గేకొద్దీ వాల్వ్‌ని సీటు మీంచి లాగి తెరవడం, తిరిగి సీటు మీద పడేయడం మొరటుగా జరుగుతుంది. డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద మొరటు లోబ్ కాస్త ముందుంటుంది. రోడ్డు మీద అది కుట్టు మిషన్ మోతలా వినిపిస్తుంది, స్ప్రింగ్ ప్రెజర్‌ని త్వరగా తినేస్తుంది. కొనేముందు 0.006 అంకె అడగండి. చెప్పని వాళ్ల దగ్గర కొనకపోవడం మేలు. ఈ బండిలో ఉన్నది 55 డిగ్రీల తేడా లోబ్. వాల్వ్ కవర్ దగ్గర చెవి పెట్టినా కంపెనీ ఇంజన్ కంటే కొంచెమే ఎక్కువ మోత.

ఇక స్ప్రింగులు. కంపెనీ బీహైవ్ (తేనెపట్టులా పైకి సన్నబడే) స్ప్రింగ్ సీటు మీద, అంటే వాల్వ్ మూసి ఉన్నప్పుడు, సుమారు 90 పౌండ్లు ఇస్తుంది, 570 థౌ లిఫ్ట్ వరకే పనికొస్తుంది. 612 క్యామ్‌కి దాన్ని ఉంచేయడం ఇంజన్‌ని చేతులారా పాడు చేసుకోవడమే. ఇప్పుడున్న డబుల్ స్ప్రింగ్ ఇన్‌స్టాల్డ్ హైట్ (వాల్వ్ మూసి ఉన్నప్పటి స్ప్రింగ్ ఎత్తు) 1.800 అంగుళాల దగ్గర 140 పౌండ్లు, రేటు అంగుళానికి 380 పౌండ్లు. పూర్తిగా తెరిచినప్పుడు 140కి 0.612 రెట్ల 380 కలిపితే సుమారు 372 పౌండ్లు. స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తగిలిపోయే ఎత్తు, అంటే కాయిల్ బైండ్, 1.100 అంగుళాలు. 1.800 లోంచి 0.612 తీసేస్తే 1.188. బైండ్‌కి ఇంకా 88 థౌ ఖాళీ ఉంది. కనీసం 60 థౌ ఉండాలి. మరీ ఎక్కువ ఖాళీ కూడా మంచిది కాదు. చుట్లు వదులుగా ఉంటే ఎక్కువ ఆర్‌పీఎంలో స్ప్రింగ్ తనలో తాను అలలా ఊగుతుంది, ఆ ఊపులో సీటు ప్రెజర్ చాలా పడిపోతుంది. 60 నుంచి 100 మధ్య ఉంచితే చాలు.

పెట్టె మీద 1.800 అని ఉంటే హెడ్‌లో అంతే ఉంటుందని నమ్మకండి. పదహారు వాల్వులకీ హైట్ మైక్రోమీటర్ పెట్టి కొలవాలి. వాల్వ్ జాబ్ (సీట్లు తిరిగి కోయడం) చేసిన హెడ్‌లో సీటు లోపలికి దిగి ఉంటుంది కాబట్టి కాండం పైకి లేచి హైట్ పెరుగుతుంది, ప్రెజర్ తగ్గుతుంది. 20 థౌ తేడాకి ఈ స్ప్రింగ్‌లో సుమారు 7.6 పౌండ్లు పోతాయి. స్ప్రింగ్ కింద షిమ్ (పలచని వాషర్) వేసి సరిచేయాలి. షిమ్ వేశాక కాయిల్ బైండ్ ఖాళీ మళ్లీ లెక్కపెట్టాలి, ఎందుకంటే షిమ్ ఎంత మందమో ఖాళీ అంత తగ్గుతుంది. రిటైనర్ అడుగుకీ వాల్వ్ సీల్ తలకీ మధ్య పూర్తి లిఫ్ట్‌లో కూడా కనీసం 50 థౌ ఉండాలి. డబుల్ స్ప్రింగ్‌కి సీట్ లొకేటర్, దానికి సరిపడే సీలు విడిగా వస్తాయి. పాత సీలు మీదే లోపలి స్ప్రింగ్ ఎక్కిస్తే అది సీలుని గీరేస్తుంది, కొన్నాళ్లకి సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలవుతుంది.

డబులా, బీహైవా? పైకి సన్నబడే ఆకారం వల్ల బీహైవ్‌కి రిటైనర్ చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది, చుట్ల వ్యాసం మారుతూ ఉండటం వల్ల ఊపు కూడా తక్కువ. ఇంజనీరింగ్ పరంగా అది అందమైన పరిష్కారం. కానీ విరిగితే వాల్వ్‌ని పట్టుకోవడానికి రెండోది ఉండదు. వాల్వ్ సిలిండర్‌లో పడిందంటే పిస్టన్, హెడ్, కొన్నిసార్లు బ్లాక్ కూడా పోతాయి. డబుల్‌లో బయటిది విరిగినా లోపలిది వాల్వ్‌ని పైనే ఉంచుతుంది, ఇంజన్ మిస్‌ఫైర్ కొడుతూ ఇంటికి చేరుస్తుంది. 580 థౌ లోపు మెత్తని క్యామ్‌కి మంచి బీహైవ్ చాలు. 600 దాటాక డబులే.

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వేడి చక్రాల్లోనే కొంత ప్రెజర్ వదులుతాయి. ఇక్కడా 140తో మొదలైనవి 130 దగ్గరికి వచ్చి అక్కడే నిలబడ్డాయి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు 1,500–2,000 ఆర్‌పీఎంలో పూర్తిగా వేడెక్కనిచ్చి, ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే గట్టిగా తొక్కాలి. మొదటి వేడిలోనే లిమిటర్ (ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) దాకా తీసుకెళ్తే స్ప్రింగ్ ఆయుష్షు అక్కడే తగ్గుతుంది. హెడ్ విప్పకుండా వాల్వ్ మీదే ప్రెజర్ కొలిచే లివర్ పనిముట్టు ఒకటి ఉంటుంది, కొనుక్కోండి. నిలబడ్డ అంకె నుంచి 10 శాతం పడిపోతే మొత్తం సెట్ మార్చడమే. ఒకటి రెండు మార్చి ఊరుకోవద్దు.

ప్రెజర్ చాలకపోతే ఎలా తెలుస్తుంది? 6,300 దాకా బాగా లాగి ఆ పైన పవర్ లైను వణకడం మొదలవుతుంది. ఇగ్నిషన్ తెగుతున్నట్టు అనిపిస్తుంది కాబట్టి జనం ముందు ప్లగ్గులూ కాయిల్సూ మారుస్తారు. నిజానికి వాల్వ్ లోబ్‌ని వదిలేసి గాల్లో ఉంటోంది, లేదా సీటు మీద పడి ఎగురుతోంది. ఆ వదులుని హైడ్రాలిక్ లిఫ్టర్ ఆయిల్‌తో నింపేసుకుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు కూడా. ప్లగ్గులు మార్చినా అదే ఆర్‌పీఎంలో అదే వణుకు వస్తుంటే స్ప్రింగ్ వైపు చూడండి.

రాకర్ల విషయంలో చాలామంది డబ్బు తప్పు చోట పెడతారు. ఎల్‌ఎస్ ఇంజన్లకి కంపెనీ వేసే రాకర్ గట్టిది, వాల్వ్ వైపు కొన తేలిక. దాని బలహీనత మధ్యలో ఉన్న ట్రనియన్, అంటే రాకర్ ఊగే ఇరుసు. లోపల సూది బేరింగులు పంజరం లేకుండా ఉంటాయి. స్ప్రింగ్ ప్రెజర్ పెరిగితే చివరి మూత జారి సూదులు ఆయిల్‌లో పడతాయి. ఎల్‌ఎస్3లో ఇన్‌టేక్ రాకర్ పక్కకి జరిపి చేసినది కాబట్టి ట్రనియన్ మీద బరువు సమంగా పడదు. అందుకే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రాకర్లు కలిపేయకుండా గుర్తు పెట్టి విప్పాలి. ఖరీదైన అల్యూమినియం రోలర్ రాకర్ సెట్‌కి బదులు కంపెనీ రాకర్‌లో ట్రనియన్ కిట్ వేయించడం ఈ లిఫ్ట్‌కి సరైన పని. కాంస్యం బుష్ రకమా, పంజరం ఉన్న బేరింగ్ రకమా అంటే ఎక్కువ రోడ్డు వాడకానికి బుష్ వైపే మొగ్గుతాను, విడిపోయే సూదులే ఉండవు. కానీ బుష్‌కి ఆయిల్ ముఖ్యం, అసెంబ్లీ చేసేటప్పుడు బాగా తడపాలి.

పుష్‌రాడ్ దగ్గర బరువు గురించి భయపడక్కర్లేదు. రాకర్‌కి అటువైపు కదలిక తక్కువ కాబట్టి అక్కడ పెరిగిన బరువు వాల్వ్ వైపు 1.7 వర్గంతో, అంటే 2.89తో భాగించగా వచ్చినంతే లెక్క. పుష్‌రాడ్‌లో 10 గ్రాములు పెరిగితే వాల్వ్ వైపు మూడున్నర గ్రాములు పెరిగినట్టు. అదే రిటైనర్‌లో 10 గ్రాములు పెరిగితే పూర్తిగా పదీ పెరిగినట్టే. అందుకే పుష్‌రాడ్ లావుగా, గోడ మందంగా, 80 థౌ గోడతో పెట్టి, వాల్వ్ వైపు తేలికగా ఉంచాలి. సన్నని పుష్‌రాడ్ ఒత్తిడికి వంగి, తిరిగి విల్లులా తన్ని వాల్వ్‌ని లోబ్ మీంచి విసిరేస్తుంది.

పొడవు మాత్రం కొలవకుండా కొనకండి. కంపెనీ పొడవు 7.400 అంగుళాలు. ఎత్తు ఎక్కువున్న లోబ్ క్యామ్ బేరింగుల్లోంచి దూరాలి, అందుకే తయారీదారు బేస్ సర్కిల్ (లోబ్‌లో గుబ్బ లేని గుండ్రని భాగం) చిన్నది చేస్తాడు. దాని వ్యాసం 50 థౌ తగ్గితే లిఫ్టర్ 25 థౌ కిందికి దిగుతుంది, పుష్‌రాడ్ అంత పొడవు కావాలి. హెడ్ గీయిస్తే లేదా గాస్కెట్ పలచనైతే లెక్క తిరగబడుతుంది, పుష్‌రాడ్ పొట్టిది కావాలి. ఈ ఇంజన్‌కి 7.425 తేలింది. కొలిచే పద్ధతి: పొడవు మార్చగలిగే చెకర్ పుష్‌రాడ్ పెట్టి, రాకర్ బోల్టుని 22 పౌండ్-అడుగులకి పూర్తిగా బిగించి, వదులు సున్నా అయ్యే పొడవు పట్టుకుని, దానికి లిఫ్టర్ కోరే ప్రీలోడ్ (లిఫ్టర్ లోపలి ప్లంజర్ కుంగి ఉండాల్సిన దూరం) కలపాలి. ఇక్కడ 65 థౌ. ఇన్‌టేక్ కొలవాలంటే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోవడం మొదలైన చోట ఇంజన్ ఆపాలి. ఎగ్జాస్ట్ కొలవాలంటే ఇన్‌టేక్ దాదాపు మూసుకున్న చోట ఆపాలి. అప్పుడే లిఫ్టర్ బేస్ సర్కిల్ మీద ఉన్నట్టు.

బోల్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ప్రీలోడ్ చెప్పే పద్ధతి కూడా ఉంది. అందులో ఒక్కొక్కరూ ఒక్కో అంకె చెప్పడానికి కారణం ఇది: బోల్టు మర 1.25 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకి ట్రనియన్ 49 థౌ దిగుతుంది. కానీ వాల్వ్ కొన కదలదు కాబట్టి పుష్‌రాడ్ కొన దానికి 2.7/1.7 రెట్లు, దాదాపు 78 థౌ దిగుతుంది. కొందరు 49తోనే లెక్కేస్తారు. అలా వేస్తే ప్రీలోడ్ అనుకున్నదానికంటే ఎక్కువ పడుతుంది. తక్కువైతే టిక్కుటిక్కుమని మోత, ఎక్కువైతే వేడి మీద వాల్వ్ సీటు వదిలే ప్రమాదం.

పిస్టన్‌కి వాల్వ్ తగులుతుందేమో అన్న భయం లిఫ్ట్ అంకె చూసి రావడం సహజం. అసలు ప్రమాదం అక్కడ లేదు. ఇన్‌టేక్ గరిష్ఠ లిఫ్ట్ పిస్టన్ టాప్ దాటిన సుమారు 109 డిగ్రీల దగ్గర వస్తుంది, అప్పటికి పిస్టన్ చాలా కింద ఉంటుంది. ఖాళీ అతి తక్కువయ్యేది ఓవర్‌ల్యాప్‌లో, అంటే రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయంలో: ఇన్‌టేక్‌కి టాప్ దాటాక 5–15 డిగ్రీల మధ్య, ఎగ్జాస్ట్‌కి టాప్‌కి ముందు అంతే దూరంలో. డ్యూరేషన్, సెపరేషన్, క్యామ్‌ని ముందుకో వెనక్కో జరపడం దీన్ని నిర్ణయిస్తాయి. ఇన్‌టేక్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 థౌ కనీసం ఉండాలి. హైడ్రాలిక్ లిఫ్టర్ పెట్టి, అసలు స్ప్రింగుతో కొలిస్తే లిఫ్టర్ కుంగిపోయి ఖాళీ ఎక్కువ చూపిస్తుంది. మెత్తని చెకింగ్ స్ప్రింగ్ పెట్టి, డయల్ ఇండికేటర్‌తో, ప్రతి రెండు డిగ్రీలకీ వాల్వ్‌ని చేత్తో నొక్కి చూడాలి.

బిగించే పనిలో రెండు మూడు విషయాలే. హెడ్లు విప్పకుండా స్ప్రింగులు మార్చొచ్చు: ఒక జత పిస్టన్లు టాప్‌కి తెచ్చి పెడితే వాల్వ్ కిందికి పడిపోదు. ఫైరింగ్ ఆర్డర్ 1-8-7-2-6-5-4-3 కాబట్టి జతలు 1–6, 8–5, 7–4, 2–3. క్యామ్ మాత్రమే మారుస్తుంటే పాత క్యామ్‌ని తిప్పి లిఫ్టర్లని ప్లాస్టిక్ ట్రేల్లోకి పైకి ఎక్కించవచ్చు. కానీ పాత ట్రేలు పట్టు వదిలి ఉంటాయి. లిఫ్టర్ పడిపోతే ఆయిల్ పాన్ విప్పాలి. పడకపోయినా అరిగిన ట్రేలో లిఫ్టర్ పక్కకి తిరిగితే రోలర్ లోబ్‌ని చెక్కేస్తుంది. ఈ లిఫ్ట్‌కి హెడ్లు దించి లిఫ్టర్లు, ట్రేలు కొత్తవి వేయడమే సరి. క్రాంక్ బోల్టు ఒక్కసారి వాడేది: పాతదాంతో పుల్లీని కూర్చోబెట్టి, కొత్తది 37 పౌండ్-అడుగులకి బిగించి 140 డిగ్రీలు తిప్పాలి. ఆయిల్ పంప్ పికప్ గొట్టం ఓ-రింగ్ నలిగితే ప్రెజర్ రాదు. దాన్ని ఆయిల్ పూసి, గొట్టాన్ని నేరుగా నెట్టి, ఆ తర్వాతే బోల్టు వేయాలి.

నడిపే తీరు: కంపెనీ క్యామ్‌కి 0.050 దగ్గర ఓవర్‌ల్యాప్ మైనస్ 26.5 డిగ్రీలు, దీనికి ప్లస్ 5. ఈ ఒక్క అంకెలోనే ఐడిల్ మారిన సంగతంతా ఉంది. ఇంజన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయకుండా ఈ క్యామ్ నడవదు. ఐడిల్ 850 దగ్గర పెడితే కుదురుగా ఉంటుంది, ఊపు వినిపిస్తుంది. ట్రాఫిక్‌లో 1,500 కింద ఎక్కువ గేర్‌లో వదిలేస్తే కుదుపులు వస్తాయి, మంచి ట్యూన్ దాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ తగ్గుతుంది, పెడల్ రెండోసారి నొక్కితే తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వెనక పెట్రోల్ వాసన ఉంటుంది. కంపెనీ ఇంజన్ 430 హార్స్‌పవర్‌ని 5,900 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. ఈ క్యామ్‌తో లాగుడు 3,500 దాటాక మొదలై 6,500 దాకా తగ్గదు. లిమిటర్ 6,800. దానిపైన తిప్పడానికి స్ప్రింగ్ ఒప్పుకున్నా, హైడ్రాలిక్ లిఫ్టర్‌తో అంతకంటే ఆశించను.

ఇంతకాలం తర్వాత కవర్లు తీసి చూస్తే వాల్వ్ కాండం కొన మీద రాకర్ రాసిన మరక మధ్యలోనే ఉంది, సన్నగా ఉంది. లిఫ్ట్ పెరిగేకొద్దీ ఆ మరక వెడల్పవుతుంది, ఆ పక్క తోపుడంతా గైడ్ మీద పడుతుంది. 640 వైపు వెళ్లకపోవడానికి నా అసలు కారణం ఇదే. టూల్ స్టీల్ రిటైనర్ల మీద గీతలు లేవు. టైటానియం ఇంకా తేలికే గానీ, స్ప్రింగ్ కూర్చునే చోట అరుగుతుంది, రోజువారీ బండికి దాన్ని తరచూ విప్పి చూసే ఓపిక ఉండాలి. ట్రనియన్లలో వదులు లేదు. ఆయిల్ వాడకం కొంచెం పెరిగింది, ఆందోళన పడేంత కాదు. నచ్చనిది: చల్లని స్టార్ట్‌లో కొన్ని సెకన్లు లిఫ్టర్ మోత వస్తుంది, ఆయిల్ గ్రేడ్ మార్చినా పూర్తిగా పోలేదు.

ఇదే కుటుంబంలో ఆటోమేటిక్ బండ్లలో వచ్చే ఎల్99 ఉన్నవాళ్లు ఈ అంకెలు నేరుగా వాడకండి. దాంట్లో సగం సిలిండర్లు ఆగిపోయే ఏర్పాటు, క్యామ్ ఫేజర్ (నడుస్తుండగా క్యామ్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది) రెండూ ఉంటాయి. ఆ ప్రత్యేక లిఫ్టర్లు ఇంత లిఫ్ట్‌కి పనికిరావు. వాటిని మామూలు లిఫ్టర్లతో, వ్యాలీ కవర్‌ని మామూలు కవర్‌తో మార్చి, ట్యూన్‌లో ఆ ఏర్పాటు ఆపేయాలి. ఫేజర్‌ని ఉంచుకుంటే అది ఎంత జరగొచ్చో లిమిటర్ వేయాలి, లేకపోతే పిస్టన్ ఖాళీ కొలత అర్థం లేనిదవుతుంది. క్యామ్ హెడ్‌లోనే ఉండే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లలో, లోబ్ నేరుగా బకెట్‌ని (వాల్వ్ మీద బోర్లించిన గిన్నె) నొక్కే చోట, హద్దు వేరే: లోబ్ ఎంత వేగంగా తెరిస్తే తాకే చోటు బకెట్ మధ్య నుంచి అంత దూరం జరుగుతుంది, అంచు దాటితే లోబ్ అంచుని కొరుకుతుంది. బకెట్ మీద షిమ్ ఉండే పాత రకాల్లో పెద్ద క్యామ్ ఆ షిమ్‌ని బయటికి ఉమ్మేస్తుంది. అక్కడ క్యామ్‌కి ముందు కొనాల్సింది షిమ్ కిందుండే బకెట్లు.